వేములవాడ చాళుక్యుల కాలంలో జీర్ణచింతన

వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో జీర్ణశక్తి గురించిన ఆలోచనకు కావ్యంలోనూ చోటు దక్కింది. జైనాచార్యుడు సోమదేవసూరి క్రీ.శ. 959లో గంగాధరలో 'యశస్తిలక' చంపువును సంస్కృతంలో పూర్తి చేశాడు. అందులో ఒక వైద్యుడు యశోధర మహారాజుకు భోజన నియమాలు వివరిస్తాడు. ఆయుర్వేదం జఠరాగ్నిని, అంటే జీర్ణశక్తిని, మందం, తీక్ష్ణం, విషమం, సమం అని నాలుగుగా విభజిస్తుంది. మందాగ్నికి లంఘనం, తేలికైన ఆహారం, శొంఠి, పిప్పలి, మిరియాలు కలిసిన త్రికటు చూర్ణం సూచిస్తుంది. 966 నాటి పర్భణి తామ్రశాసనం ప్రకారం, వేములవాడలోని శుభధామ జినాలయం కోసం వేములవాడ చాళుక్య రాజు మూడో అరికేసరి ఈ సోమదేవసూరికే గ్రామదానం చేశాడు.

జీర్ణబాధలకు ఆహార నియమాలు, మూలికలు సూచించే ఆయుర్వేదం ఇలా ఆనాటికే ఇక్కడ ఉన్నా, వికారానికి మణికట్టు పైన, పొట్ట బాధలకు మోకాలి కింద సూదులు గుచ్చే చైనా ఆక్యుపంక్చర్ మన దేశానికి చాలా ఆలస్యంగా వచ్చింది. 1959లో డాక్టర్ బిజయ్ కుమార్ బసు దాన్ని కలకత్తాలో ప్రవేశపెట్టాడు.