మగ్గానికి చోటులేని ఇల్లు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతకారుల గృహసమస్య

పట్టణ పేదల గృహసమస్యను ఇళ్ల సంఖ్యతో కొలవడం మన పాలనా చరిత్రలో స్థిరపడిన పద్ధతి. ఆ కొలత చాలదని కడప జిల్లా చేనేత పట్టణాల అనుభవం చెబుతోంది.

పత్తి, బంగారు వ్యాపారాల వల్ల పెన్నా తీరాన ప్రొద్దుటూరు ‘రెండో బొంబాయి’గా పేరుపొందింది. వ్యాపారంతో పెరిగిన స్థలాల ధరలను నేతకూలి అందుకోలేకపోయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతకారులకు ఇల్లే పనిచోటు. గుంటమగ్గానికి నేలలో గొయ్యి తవ్వాలి. ఆసు పోయడానికి, పడుగు సాగదీయడానికి జాగా కావాలి. అద్దె ఇంట్లో ఇవన్నీ యజమాని దయపై ఆధారపడినవి.

ఈ ప్రాంతం పాలకుల దృష్టికి దూరమైనది కాదు. 2006లో ఇందిరమ్మ పథకాన్ని చేపట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2020 డిసెంబరు 25న ‘పేదలందరికీ ఇళ్లు’ పట్టాల పంపిణీని ప్రారంభించిన వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఇద్దరూ పులివెందుల శాసనసభ్యులుగా ఉన్న ముఖ్యమంత్రులే. అయితే 2020 పథకం పట్టణాల్లో ఇచ్చింది సెంటు స్థలం, అంటే 48.4 చదరపు గజాలు. అంతకుముందే రాష్ట్రంలో మొదలైన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల అపార్టుమెంట్లు. వాటి పై అంతస్తుల్లో గుంటమగ్గం అసాధ్యం.

2019లో మొదలైన నేతన్న నేస్తం సొంత మగ్గమున్న కుటుంబానికే ఏటా రూ.24,000 ఇచ్చింది. మగ్గం నిలిపే చోటులేక మాస్టర్ వీవర్ షెడ్డులో కూలికి నేసేవారు దాని పరిధిలోకి రాలేదు. ఒక పథకం మగ్గాన్ని అర్హతగా అడిగింది. మరొకటి మగ్గం పట్టని ఇంటిని ఇచ్చింది. కనుక నేతకారుల ఇంటిని నివాసంగానూ ఉత్పత్తిస్థలంగానూ కలిపి చూసినప్పుడే ఈ పట్టణాల గృహచరిత్ర సమగ్రమవుతుంది.