సినిమా వచ్చింది, ట్రాక్ రాలేదు

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, నా కారుకి రీమ్యాప్ చేయిద్దామనుకుంటున్నా. ముప్ఫై నలభై హార్స్‌పవర్ పెరుగుద్దంట. నువ్వు ట్రాక్‌కి వెళ్తుంటావుగా, నువ్వేం చేయించావ్?"

"బ్రేక్ ఆయిల్ మార్పించా" అన్నా.

వాడు నవ్వాడు. నేను జోకేస్తున్నాననుకున్నాడు. అది జోకెందుకు కాదో చెప్పబోతే కథ నిజాం నవాబు దాకా వెళ్ళింది. టీ చల్లారిపోయింది, స్టాండప్ కాలుందంటూ వాడు లేచిపోయాడు. వాడు వినకుండా వెళ్ళిన మిగతా కథ ఇది. మీకు కాల్సేవీ లేకపోతే చదవండి.

ముందు నా సంగతి. నాది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ కారు, సెకండ్‌హ్యాండ్. దాన్ని స్పోర్ట్స్ కారని నేనంటాను. నాలుగు తలుపులుండి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పట్టేదానికి అంత మాటెందుకని మా ఆవిడంటుంది. ఆఫీసుకీ, పాపని స్కూల్లో దింపడానికీ, సంక్రాంతికి ఊరెళ్ళడానికీ అన్నిటికీ అదే.

2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెనా, దాన్ని జూబ్లీహిల్స్‌కి కలిపే రోడ్ నంబర్ 45 ఫ్లైఓవరూ తెరిచారు. రాత్రి పదకొండు దాటాక అక్కడ వినపడే సైలెన్సర్ల మోత సంగతి చుట్టుపక్కల ఉండేవాళ్ళనడగండి. ఆ మోతలో కొన్నాళ్ళు నా వాటా కూడా ఉందని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా. 2021లో ఓ రాత్రి అలాగే ఫ్లైఓవర్ దిగి జూబ్లీహిల్స్ వైపు వస్తున్నా. షూటింగ్ ముగించుకుని వెళ్తున్న లైట్‌మన్ అనుకుంటా, చేతిలో టిఫిన్ క్యారేజీతో ఒకాయన రోడ్డు దాటుతున్నాడు. కారు ఆగింది. ఎంత దూరంలో ఆగిందంటే, నేను దిగి చూస్తే ఆయన క్యారేజీకీ నా బంపర్‌కీ మధ్య ఒక మనిషి పట్టేంత. ఆయన తిట్టలేదు. జారిపోయిన చెప్పు వెతికి తొడుక్కుని, నా వైపోసారి చూసి, కృష్ణానగర్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

'ప్రొడక్షన్‌లో టెస్ట్ చెయ్యకండిరా' అని జూనియర్లకి రోజూ చెప్పేవాణ్ణి నేను. రోడ్డంటే ప్రొడక్షనే. అక్కడ రోల్‌బ్యాక్ ఉండదు.

ఆ తర్వాత చాలా రోజులు ఒకటే ప్రశ్న. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్లలో గేటు గేటుకీ ఓ ఖరీదైన కారుంటుంది. మరి వాటిని దమ్మున్నంత వేగంతో, ఎవరికీ హాని లేకుండా నడిపే చోటు ఈ ఊరికెందుకు లేకపోయింది? సరదాగా తవ్వడం మొదలుపెడితే తేలిందిది.

కార్లు మనకి కొత్తేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఆర్డరిచ్చారు. అది చేతికి రాకుండానే 1911లో ఆయన పోయారు. కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్ హయాంలో వచ్చింది. పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు, ఊరేగింపులకి తప్ప బయటికి తీసేవాళ్ళు కాదు. కొన్ని దశాబ్దాల్లో అది తిరిగింది మొత్తం 356 మైళ్ళని చెప్తారు. అంటే దాదాపు 573 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి మద్రాసు 630 దాకా ఉంటుంది. అంటే ఆ కారు జీవితమంతా తిరిగిన దూరం, నేను ఒక ట్రాక్ డేకి ఒకవైపు వెళ్ళే దూరం కూడా కాదు! కారు చూపించుకోవడానికి, నడపడానికి కాదు అనే జబ్బు మనకి అప్పట్నుంచీ ఉందేమో.

ఆ వంశంలోనే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి ఒకాయన ఉన్నారు. ఏడో నిజాం మనవడు ముకర్రం జా. 1967లో తాత పోయాక వారసుడయ్యారు. దర్బారు కన్నా గ్యారేజీ అంటేనే ఆయనకిష్టం. చేతులకి గ్రీజంటించుకుని ఇంజన్లు విప్పుకుంటూ కూర్చునేవారట. జూబ్లీహిల్స్‌ని ఆనుకుని ఉన్న కేబీఆర్ పార్కులోపల చిరాన్ ప్యాలెస్ ఉంది చూడండి, అది ఆయనదే. మనం పొద్దున్నే వాకింగ్ చేసేది ఆ మెకానిక్ నవాబు ఇంటి చుట్టూనే అన్నమాట. ఆస్తి తగాదాలతో విసిగి, 1970ల్లో పడమటి ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని అక్కడ బుల్డోజర్లు తోలుకుంటూ గడిపారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోతే, తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ఇంకో నెల తిరక్కుండానే హుస్సేన్ సాగర్ పక్కన అంతర్జాతీయ కార్ల రేసు జరిగింది. దాని సంగతి తర్వాత.

ఇక సినిమా వాళ్ళు. తెలుగు సినిమా పుట్టి పెరిగింది మద్రాసులో. హైదరాబాద్‌లో సారథీ స్టూడియో 1950ల్లోనే ఉన్నా, ఊపొచ్చింది 1970ల్లో. అక్కినేని కొండల మీద అన్నపూర్ణ స్టూడియో కట్టి 1976లో తెరిచారు. తర్వాత ఫిల్మ్‌నగర్‌లో కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియో. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా గుండ్రాళ్ళూ, ముళ్ళపొదలూ. ప్రభుత్వం స్థలాలిచ్చింది, రాయితీలిచ్చింది నిజమే. కానీ తమ సంపాదన తెచ్చి ఆ రాళ్ళ మధ్య పోసింది మాత్రం వాళ్ళే. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి నటులు, టెక్నీషియన్లు, ల్యాబులు, డబ్బింగ్ థియేటర్లు, క్యాంటీన్లతో సహా పరిశ్రమంతా ఇక్కడికొచ్చేసింది.

కార్లూ వచ్చేశాయి. ట్రాక్ మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది.

ఎందుకో తెలియాలంటే మద్రాసు వాళ్ళేం చేశారో చూడాలి. ఊరికి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుండేది. యుద్ధం అయిపోయాక దానితో ఎవరికీ పని లేదు. 1953లో కొందరు బండ్ల పిచ్చోళ్ళు కలిసి మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టుకున్నారు. ఆ రన్‌వే మీద రేసులు మొదలయ్యాయి. ఏ కార్లతో అనుకున్నారు? ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు. సోమవారం ఆఫీసుకెళ్ళే కారుకే ఆదివారం హెడ్‌లైట్లకి టేపేసి, అనవసరమైన సీట్లు పీకేసి పరిగెత్తించడం! విజయ్ మాల్యా లాంటి వాళ్ళు విదేశాల నుంచి తెప్పించిన ఫార్ములా కార్లతో వచ్చేవారు. అవి జనం చూడ్డానికి. ఆటని నిలబెట్టింది మాత్రం ఆ ఫియట్లే.

అంతటితో ఆగలేదు. రన్‌వే ఎప్పటికైనా సొంతం కాదు కదా. క్లబ్బు వాళ్ళే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో స్థలం చూసుకుని 1990లో సొంత ట్రాక్ తెరిచారు. పొడవు 3.7 కిలోమీటర్లు. ఇటు కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ అనే ఆయన మారుతి 800 ఇంజన్‌తో 'ఫార్ములా మారుతి' అనే చవక రేసుకారు తయారుచేశారు. దాన్ని నడిపి ఎదిగిన కుర్రాళ్ళలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్‌లోకెళ్ళిన మొదటి భారతీయుడు. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి పోయారు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ యాభై ఏళ్ళ పని.

మరి మనం? మనం పెద్దవే కోరుకున్నాం. 2003లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఏకంగా ఫార్ములా వన్నే తెస్తానంది. గోపన్‌పల్లి దగ్గర స్థలం అనుకున్నారు. 2004లో ప్రభుత్వం మారింది, ఆ ఫైలు మూతపడింది. చివరికి ఫార్ములా వన్ 2011లో గ్రేటర్ నోయిడాకి వచ్చి, మూడేళ్ళు నడిచి, పన్నుల గొడవల్లో అదీ పోయింది. గోపన్‌పల్లిలో ఇప్పుడు మన ఐటీ క్యాంపసులూ అపార్టుమెంట్లూ ఉన్నాయి. మీలో కొందరి క్యూబికల్ ఉన్నచోట ఓ హెయిర్‌పిన్ మలుపు ఉండాల్సిందేమో!

రెండోసారి 2022లో. హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లనే ట్రాక్‌గా మార్చారు. నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ. సెక్రటేరియట్ పక్కన ఎలక్ట్రిక్ రేసుకార్లు దూసుకెళ్తుంటే జనంలో నేనూ ఉన్నా. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అబద్ధమెందుకు, ఒళ్ళు పులకరించింది. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో రెండో ఏడాది రేసు రద్దయింది. ఆ రేసుకి చేసిన చెల్లింపుల మీద అదే ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు కూడా పెట్టింది. ఎవరిది తప్పన్నది కోర్టు చూసుకుంటుంది, ఆ రాజకీయం నాకొద్దు. నాకు కనిపించేది ఒకటే. రెండుసార్లూ ప్రభుత్వంతో వచ్చింది ప్రభుత్వంతోనే పోయింది. సాగర్ పక్కన బారికేడ్లు తీసేశాక మళ్ళీ మామూలు ట్రాఫిక్కే.

2023లో నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే రేసింగ్ జట్టుకి యజమాని అయ్యాడు. ఒక తాత అన్నపూర్ణ కట్టారు, ఇంకో తాత రామానాయుడు స్టూడియో కట్టారు, మనవడికి కార్ల పిచ్చి. కానీ 2024 ఆగస్టు నెలాఖరున రాత్రి పూట లైట్ల వెలుగులో వీధుల్లో రేసులు జరిగింది మళ్ళీ చెన్నైలోనే.

ఇప్పుడు నా బ్రేక్ ఆయిల్ దగ్గరికొస్తాను. నిజానికి ఇదంతా ఒకటే కథ.

2022లో మొదటిసారి చెన్నై ట్రాక్‌కి వెళ్ళా. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా. కారుకేమీ చేయించలేదు, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే. పవర్ చాలదేమో అన్నదొక్కటే నా దిగులు. నాలుగో ల్యాపులో స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా స్పాంజిలా లోపలికెళ్ళిపోయింది. ఎలాగో మలుపు దాటి, పక్కన ఇసుకలోకి దిగి ఆగా. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ట్రాక్ కాదు, చెప్పు వెతుక్కుంటున్న ఆ మనిషి.

లెక్క సులువే. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. అదంతా వేడిగా మారి డిస్కుల్లోకీ ప్యాడ్లలోకీ వెళ్తుంది. బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమ పీల్చుకునే గుణముంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు. బుడగ నొక్కితే నొక్కుకుంటుంది, బ్రేకు పడదు. నాది మూడేళ్ళుగా మార్చని ఆయిల్. ఆఫీసుకెళ్ళేటప్పుడు ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకే రోజూ వాడే కారుతో ట్రాక్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి నా క్రమం ఇది. మొదట ఎక్కువ వేడి తట్టుకునే బ్రేక్ ఆయిల్. రెండోది మంచి ప్యాడ్లు. మరీ రేసింగ్ ప్యాడ్లొద్దు, అవి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర కీచుమంటాయి. మూడోది టైర్లు, గాలి. పొద్దున 33 పెట్టిన గాలి నాలుగు ల్యాపులకి 40 చూపించింది, దింపుకోవాలి. తర్వాత ఇంజన్ ఆయిల్, కూలెంట్, వీల్ నట్లు టార్క్ రెంచితో బిగింపు. సెషన్ అయ్యాక ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి చల్లార్చాలి. వేడి మీద హ్యాండ్ బ్రేక్ వెయ్యకూడదు. కారు కిందికి దించే స్ప్రింగులు వద్దే వద్దు, మన స్పీడ్ బ్రేకర్లకి రెండోరోజే ఏడుస్తారు. మీ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఓసారి తిరగేయండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవని అందులో రాసే ఉంటుంది. రీమ్యాప్ అన్నిటికన్నా ఆఖర్న. ఇంకా మోజు మిగిలితే.

రెండోసారి ఈ క్రమంలోనే వెళ్ళా. ఒక్క హార్స్‌పవర్ పెరగలేదు. రోజంతా పెడల్ గట్టిగా ఉంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ని కూర్చోబెట్టుకుంటే ల్యాపు టైమూ తగ్గింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, తిరిగొచ్చాక రోడ్ నంబర్ 45 మీద తొక్కాలనిపించలేదు. రోజంతా తొక్కొచ్చినవాడికి ఇంకేం తొక్కబుద్ధవుతుంది?

మన ఊరు చేసింది ముందు రీమ్యాప్ చేయించుకోవడం. బ్రేకుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఫార్ములా వన్, ఫార్ములా ఈ కావాలి గానీ, శనివారం పొద్దున వెయ్యి మంది మామూలోళ్ళు తమ మామూలు కార్లతో వచ్చే చోటూ, జెండాలు పట్టుకుని ఎండలో నిలబడే వాలంటీర్లూ, మూలనో అంబులెన్సూ, వీటన్నిటినీ ఏళ్ళ తరబడి మోసే ఒక క్లబ్బూ మనకి అక్కర్లేకపోయాయి. 1953లో మద్రాసులో ఆ క్లబ్బు పెట్టినవాళ్ళకి స్టాక్ ఆప్షన్లు లేవు. మనకున్నాయి. జూబ్లీహిల్స్ రాళ్ళ మధ్య స్టూడియోలు కట్టినవాళ్ళ కథ మన కళ్ళెదురుగానే ఉంది. నలుగురం కలిసి నగర శివార్లలో పాత రన్‌వే లాంటి చోటొకటి అద్దెకి తీసుకుని, కోన్లు పెట్టుకుని మొదలుపెట్టినా మొదలే.

అన్నట్టు, క్యాంటీన్ కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. రీమ్యాప్ వాయిదా వేశాడట. "అన్నా, బ్రేక్ ఆయిల్ ఎన్నేళ్ళకోసారి మార్చాలి?" అనడిగాడు. రెండేళ్ళకోసారి, ట్రాక్‌కి వెళ్తే వెళ్ళే ముందు ప్రతిసారీ అని చెప్పా. వచ్చే నెల ఇద్దరం కలిసి వెళ్తున్నాం. వెనక సీటు ఖాళీయే, డిక్కీలో బియ్యం బస్తా కూడా లేదు. రాదల్చుకుంటే రండి, హెల్మెట్ మాత్రం మీదే తెచ్చుకోండి.