పొదిగే పెట్ట – రోజుల లెక్క

ప్రత్యేక సంచికకు మన పశుసంవర్ధక శాఖకు సంబంధించిన పాత విషయమేదైనా వ్రాయమని సంఘం వారు కోరారు. ఇంక్యుబేటర్ల గురించి సాధికారంగా వ్రాయగల మిత్రులు మనలో ఉన్నారు. నేను అంతకు ముందునుంచీ ఉన్న నాటుకోడి పెట్ట గురించి నాలుగు మాటలు వ్రాస్తాను.

ఒకే పెట్ట కింద పలురకాల గుడ్లు పొదిగించడం మన పల్లెల్లో పాత అలవాటే. మేలుజాతి బాతులు సరిగా పొదగవు కనుక వాటి గుడ్లకు కోడిపెట్టే గతి. అయితే కోడిగుడ్డుకు 21 రోజులు, బాతు, టర్కీ గుడ్లకు 28 రోజులు పడుతుంది. అన్నీ ఒకేనాడు పెడితే కోడిపిల్లలు ముందు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తల్లి వాటిని వెంటబెట్టుకుని గంప దిగిపోతుంది. మిగిలిన గుడ్లు చల్లబడి పాడవుతాయి. కనుక బాతు గుడ్లు ముందు పెట్టి, సరిగ్గా వారానికి కోడిగుడ్లు చేర్చాలి. ఈ మంగళవారం బాతు గుడ్లు, వచ్చే మంగళవారం బొగ్గుతో గుర్తు పెట్టిన కోడిగుడ్లు. అక్కడికి మూడు వారాలకు మళ్ళీ మంగళవారమే అన్నీ పిల్లలవుతాయి. క్యాలెండరు అక్కరలేని లెక్క ఇది.

ఈ లెక్క చాలా పాతది. క్రీ.శ. ఒకటవ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో నెమలి గుడ్లను కోడి కింద పెట్టే పద్ధతి చెప్పాడు. ఐదు నెమలి గుడ్లు, నాలుగు కోడిగుడ్లు పెట్టి, పదవనాడు ఆ కోడిగుడ్లు తీసేసి కొత్తవి నాలుగు పెట్టమన్నాడు. నెమలి గుడ్డుకు ఇంచుమించు నెల పడుతుంది కనుక రెండు రకాల పిల్లలూ కలిసి వస్తాయి.

కోడి లేకుండా పొదిగించడమూ పాతదే. ఈజిప్టువారు గుడ్లను పెంటలో పాతి పిల్లలు చేయించేవారని అరిస్టాటిల్ వ్రాశాడు. ఫ్రాన్సులో రెయోమ్యూర్ 1749లో కృత్రిమంగా పొదిగించడంపై గ్రంథమే వెలువరించాడు. అమెరికాలో పెటలూమా ఇంక్యుబేటర్ 1879 నాటిది. యంత్రం వచ్చాక పొదుగుడు గుణం లోపమైంది. పొదగడానికి కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు కదా! అందుచేత అటువంటి పెట్టలను ఏరివేస్తూ జాతులను తీర్చారు. వైట్ లెగ్‌హార్న్‌లో ఆ గుణం దాదాపు కనిపించదు.

మన దేశంలో బి.వి. రావు గారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాత పరిశ్రమ ఎంత ఎదిగిందో మీకు తెలుసు. పెరటి పెంపకం కోసం, 1988లో రాజేంద్రనగర్‌లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ కోళ్ళను అందించింది. నాటుకోడి కంటే ఇవి ఎన్నో ఎక్కువ గుడ్లు పెడతాయి. ఆ మేలు కాదనలేనిది. కాని వీటిలో పొదుగుడు గుణం తక్కువ. మంద తరిగితే పిల్లలను మళ్ళీ కొనాలి. పొదిగించినా సంకరజాతి పిల్లలు తల్లిదండ్రులంత దిగుబడి ఇవ్వవు.

నా సర్వీసులో చూసినంతలో, ఇంట ఒక పొదిగే నాటు పెట్ట ఉన్న ఇల్లాలి పెరట్లోనే రెండో ఏటా కోళ్ళు కనిపించేవి. కొనే డబ్బు లేని ఇంట ఆ పెట్టే మందకు ఆధారం. పల్లెల్లో స్థిరపడిన మన సభ్యులకు నా మనవి ఒక్కటే. మేలుజాతి కోళ్ళను పెంచేవారిని కూడా రెండు నాటు పెట్టలను అమ్మకుండా ఉంచుకోమనండి. ఈ వారాల లెక్క ఇంటి ఆడపిల్లలకు నేర్పించమనండి.