రోజుకు 400 గ్రాములు

1942 సెప్టెంబరు. ఉక్రెయిన్‌లోని వాప్నియార్కా ఒక రైల్వే జంక్షన్. హిట్లర్ పక్షాన యుద్ధంలోకి దిగిన రొమేనియా అప్పటికే ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకుంది. ఆ నెలలో వెయ్యిమందికి పైగా యూదుల్ని తెచ్చి అక్కడి క్యాంపులో పడేశారు. వాళ్ళలో కమ్యూనిస్టులున్నారు, కమ్యూనిస్టులన్న అనుమానంతో పట్టుబడ్డవాళ్ళున్నారు, రాజకీయాల జోలికే పోనివాళ్ళూ ఉన్నారు. కొందరు డాక్టర్లు కూడా. చెర్నౌత్సి నుంచి వచ్చిన ఆర్థర్ కెస్లర్ ఆ డాక్టర్లలో ఒకరు.

రెండు కాళ్ళ మీద నడిచొచ్చారు, పోయేటప్పుడు నాలుగు కాళ్ళ మీద పాకుతారని కమాండెంట్ తొలిరోజే బెదిరించాడని బతికి బయటపడ్డవాళ్ళు తర్వాత చెప్పారు. అప్పుడు వాళ్ళకది ఖైదీల్ని హడలగొట్టే మాటగానే వినిపించి ఉంటుంది.

ఖైదీల భయం టైఫస్ గురించి. అంతకు ముందు ఇదే క్యాంపులో ఉన్నవాళ్ళని ఆ జ్వరం గుంపులు గుంపులుగా పొట్టన పెట్టుకుంది. అందుకే వీళ్ళు కమిటీ వేసుకున్నారు. గదులు ఊడ్చుకున్నారు, పేలు ఏరుకున్నారు. జ్వరాన్ని నిజంగానే అదుపులో పెట్టారు. ప్రమాదం మాత్రం గిన్నెలోంచి వచ్చింది.

మనిషికి రోజుకు 400 గ్రాముల ఉడికించిన గింజలు, 200 గ్రాముల రొట్టె. బార్లీ పిండిలో గడ్డి కలిపి కాల్చిన రొట్టె అది. ఆ గింజలు పశువుల దాణా. బూడిద రంగు మీద గోధుమ చుక్కలతో, బఠాణీలా గుండ్రంగా కాక ఒక పక్క చెక్కేసినట్టుగా ఉండే గింజ. మన దేశంలో దాన్నే కేసరి పప్పు అంటారు, తెలుగులో లంక పప్పు అని కూడా. రుచికి వంక పెట్టేదేమీ లేదు. ఆకలితో ఉన్నవాడికి వేడివేడిగా కడుపు నింపే ముద్ద. గిన్నె అడుగుదాకా నాకి తిన్నారు.

డిసెంబరు వచ్చింది. ముందు పిక్కలు పట్టేయడం మొదలైంది. చలికేమో అనుకున్నారు. తర్వాత మూత్రం ఆగడం మానేసింది. దొడ్డికి పరిగెత్తాలంటే కాళ్ళు సాగవు. పొద్దున లేచి నిలబడితే మడమ నేలకు ఆనదు. మునివేళ్ళ మీద నడవాలి, అడుగేస్తే మోకాలికి మోకాలు తగులుకుంటుంది, ఒక కాలు రెండో కాలికి అడ్డం పడుతుంది. మొదట ఒక కర్ర, తర్వాత రెండు. ఆ తర్వాత నేల మీద దేకడం. చేతులు బాగానే ఉన్నాయి, బుర్ర చక్కగా పనిచేస్తోంది. ఈ జబ్బులోని క్రూరత్వమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. తనకేం జరుగుతోందో రోగికి పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది.

కెస్లర్ ఆలోచన ఏ దారిన సాగిందో ఊహించడం కష్టం కాదు. జ్వరం లేదు, కాబట్టి టైఫస్ కాదు. ఒకరిద్దరికైతే వెన్నెముక జబ్బనుకోవచ్చు, వందల మందికి ఒకేసారి రాదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, ఆ వంట గుండిగ. గింజల్ని గుర్తుపట్టారు. జబ్బు పేరూ తట్టింది, లాతిరిజం. కరువుకాలంలో పేదలకొచ్చే జబ్బుగా వైద్య గ్రంథాల్లో ఉన్నదే.

జబ్బు తెలిసింది కానీ, ఏం చెయ్యాలి? ఆ గింజలు మానేస్తే మిగిలేది గడ్డి రొట్టె. అప్పటికే ఎముకల గూళ్ళయిన మనుషులు. అది ఉక్రెయిన్‌లో జనవరి. తింటే కాళ్ళు పోతాయి, మానితే ఆకలి చంపుతుంది. 1943 జనవరిలో ఆ ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. పెట్టిన గింజలు ముట్టం, వైద్యం కావాలన్నారు. ముళ్ళకంచె లోపల, తుపాకుల ఎదుట నిలబడి ఆకలిగొన్నవాడు అన్నం వద్దనడానికి ఎంత తెగువ కావాలి!

అధికారులు దిగొచ్చారు. బుకారెస్టులోని యూదు సహాయ సంఘం పంపే మందుల్ని రానిచ్చారు. ఇళ్ళ నుంచి పొట్లాలు తెప్పించుకోనిచ్చారు. జనవరి నెలాఖరుకు ఆ దాణా ఆగింది. అప్పటికే వందల మందికి జబ్బు ముదిరింది. 117 మంది కాళ్ళు మాత్రం శాశ్వతంగా పోయాయి. బతికినవాళ్ళలో చాలామంది తర్వాత ఇజ్రాయెల్ చేరారు. కెస్లరూ అక్కడే స్థిరపడ్డారు. 1947లో ఈ జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు, ఆ రోగుల బాగోగులు చూస్తూనే ఉన్నారు.

ఈ గింజ మన దేశానికి కొత్త కాదు. సాగర్ ప్రాంతంలో 1829లో వడగళ్ళు, మరుసటేడు వర్షాభావం, ఆపై తెగులు వరసగా గోధుమ పంటను తినేశాయని బ్రిటిష్ అధికారి స్లీమన్ రాశాడు. కేసరి మాత్రం ఏపుగా పండింది. జనం అదే తిన్నారు. 1833కల్లా ముప్పై ఏళ్ళలోపు వాళ్ళకు నడుము కింద చచ్చుబడిపోవడం మొదలైంది. వాన లేకపోయినా, నీళ్ళు నిలిచినా తట్టుకునే మొక్క ఇది. కరువులో రైతును ఆదుకునేదీ ఇదే, అతిగా తింటే కుంటివాణ్ణి చేసేదీ ఇదే.

గింజలోని విషాన్ని పట్టుకున్నదీ మన దేశంలోనే. 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ దాన్ని విడదీసి చూపారు. అదే ఏడు ఢిల్లీలో మరో బృందమూ ఆ పదార్థాన్నే కనుక్కుంది. రావు ఆ తర్వాత హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆ పదార్థాన్ని పొట్టిగా ఓడాప్ అంటారు, అది ఒక అమైనో ఆమ్లం. మన మెదడులో నాడీకణాలు ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి వాడే గ్లుటమేట్‌కు ఇది దగ్గరి పోలిక. గ్లుటమేట్ కాలింగ్ బెల్ నొక్కి వేలు తీసేస్తుంది, ఓడాప్ నొక్కిన వేలు తీయదు. కణం ఆగకుండా ఉద్రేకపడి చివరికి చచ్చిపోతుంది. ఎక్కువగా పోయేవి కాళ్ళను నడిపించే కణాలు. పోయినవి తిరిగి రావు, అందుకే దీన్ని నయం చేసే మందు లేదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. అన్నం, కూర, పెరుగుతో పాటు ఎప్పుడో కొంచెం కేసరి పప్పు కడుపులోకి పోయినంత మాత్రాన ఎవరికీ కాళ్ళు పడిపోవు. నెలల తరబడి అదే ప్రధాన తిండి అయినప్పుడే ముప్పు. వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే విషం చాలావరకు పోతుంది. అయితే కరువు ప్రాంతంలో నీళ్ళూ వంటచెరకూ దొరికేదెక్కడ? విషం తక్కువున్న రతన్, ప్రతీక్, మహాతీవ్‌రా వంటి వంగడాలు వచ్చాయి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బీహార్ పల్లెల్లో కోతకు ముందే వరి చేలో కేసరి చల్లే అలవాటు ఇంకా ఉంది.

1961లో దేశంలో ఈ పప్పు అమ్మకంపై నిషేధం వచ్చింది. అయినా కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా తగులుతూనే ఉంటుంది. విడిగా అమ్మే కందిపప్పు కొనేటప్పుడు ఒక గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడండి. కందిబద్ద గుండ్రంగా ఉంటుంది. నలుపలకగా, ఒక పక్క ఏటవాలుగా కోసినట్టున్న బద్దలు కనిపిస్తే కొనకండి, ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయండి.