సత్యం ఒకటా, రెండా? పారిస్‌లో పెద్ద పేచీ

1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎతియెన్ టాంపియే 219 వాక్యాల జాబితా ప్రకటించాడు. వాటిని బోధించినా విన్నా వెలి. ఏడు రోజుల్లోగా వచ్చి ఒప్పుకున్నవారికే మినహాయింపు. పనిలో పనిగా ప్రేమ వ్యవహారాల మీద ఒక పుస్తకాన్నీ, జోస్యం గ్రంథాన్నీ నిషేధించాడు. ఇల్లంతా ఒకేసారి ఊడ్చేద్దామనుకున్నాడు కాబోలు!

అసలు కోపం మాత్రం విశ్వవిద్యాలయం కళావిభాగంలోని అధ్యాపకుల మీద. అరిస్టాటిల్ గ్రంథాలు, వాటికి కార్డోబా ముస్లిం పండితుడు ఇబ్న్ రుష్ద్ రాసిన వ్యాఖ్యానాలు లాటిన్‌లోకి వచ్చాక అక్కడి పాఠాల తీరే మారిపోయింది. లోకానికి మొదలు లేదని, మనుషులందరికీ కలిపి బుద్ధి ఒక్కటేనని ఆ పాఠాల్లో వినిపించింది. దేవుడు లోకాన్ని సృష్టించాడని, ఎవరి ఆత్మకు వారే లెక్క చెప్పుకోవాలని నమ్మే తిరుసభకు ఇవి మింగుడుపడలేదు. బ్రబాంట్‌కు చెందిన సిగెర్ లాంటివారు తర్కం ఇక్కడికి తెచ్చింది, విశ్వాసం మరోలా చెబుతోంది అని ఊరుకున్నారు. అంటే పరస్పర విరుద్ధమైన సత్యాలు రెండున్నాయా అని టాంపియే నిలదీశాడు. అయితే ఆ మాట సూటిగా రాసిన పారిస్ అధ్యాపకుడెవరూ చరిత్రకారులకు దొరకలేదు.

ఈ చిక్కుముడికి అసలైన జవాబు అప్పటికే వచ్చేసింది. ఇచ్చినవాడు డొమినికన్ సన్యాసి తోమా అక్వినాస్. ఉన్నదాన్ని ఉన్నట్టు బుద్ధి గ్రహిస్తే అదే సత్యం అన్నాడాయన. మన అభిప్రాయాన్ని బట్టి వస్తువు మారదు. తర్కానికీ దైవప్రకటనకూ మూలం ఒకే దేవుడు కనుక అవి నిజంగా ఢీకొనలేవు. ఢీకొన్నట్టు కనిపిస్తే మన వాదనలోనో, మనం లేఖనాన్ని చదివిన తీరులోనో తప్పుండాలి. 1270లో ఒకే బుద్ధి వాదాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. జవాబుంటే మూలల్లో, కుర్రాళ్ల ముందు గొణగకుండా రాసి చూపించమని సవాలు విసిరాడు. అంతటివాడూ లోకానికి మొదలుందని తర్కంతో రుజువు చేయలేమని, అది విశ్వాసంతోనే తెలుస్తుందని ఒప్పుకున్నాడు. నాకు ఆయనలో నచ్చేది ఈ నిజాయితీయే. సంప్రదాయవాదులకు మాత్రం అది గిట్టలేదు.

టాంపియే జాబితా వెలువడింది తోమా మరణించి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజున. అందులోని కొన్ని వాక్యాలు ఆయన బోధకూ తగిలాయి.

1323లో పోపు 22వ యోహాను తోమాను పునీతుడిగా ప్రకటించాడు. సత్యం సత్యాన్ని ఖండించదని 1513లో ఐదో లాటెరన్ మహాసభ శాసించింది. 1998లో రెండో జాన్ పాల్ విశ్వాసం, తర్కం అనే విషయం మీద రాసిన విశ్వలేఖ కూడా ఆ బాటలోనే నడిచింది. కతోలిక బోధలో చివరికి నిలిచింది తోమా వాదన, టాంపియే నిషేధం కాదు. 1325లో పారిస్ బిషప్ ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకున్నాడు, అదీ తోమా బోధకు తగిలినంత మేరకే.