నిచ్చెన మెట్లు, రిలే మాటలు

కర్మాగారాలలో యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అనగా పి.ఎల్.సి., పదజాలాన్ని పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. అందులోని మూలపదాలు కంప్యూటరు శాస్త్రానివి కావు, రిలేలవి.

అమెరికా కార్ల పరిశ్రమలో మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్ళలో తీగలన్నీ మార్చవలసి వచ్చేది. దీనికి ప్రత్యామ్నాయాన్ని 1968లో జనరల్ మోటార్స్ సంస్థ కోరింది. డిక్ మార్లీ బృందం 'మోడికాన్ 084'ను 1969లో అందించింది. ఎలక్ట్రీషియన్లు కొత్త భాష నేర్వనక్కరలేకుండా, వారెరిగిన రిలే పటమే ప్రోగ్రామయింది. అదే 'లాడర్', అంటే నిచ్చెన. అందులో ఒక్కొక్క అడ్డవరుస 'రంగ్', అంటే మెట్టు. 'కాంటాక్ట్' షరతు, 'కాయిల్' ఫలితం. ప్రోగ్రాములో తీగచుట్ట లేదు, పేరు మాత్రం నిలిచింది. 1993 నాటి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ పేర్లనే స్వీకరించింది.

అనువాదకులు జాగ్రత్త వహించవలసిన మాట 'నార్మల్లీ క్లోజ్డ్'. 'సాధారణంగా మూసి ఉండేది' అంటే అర్థం చెడుతుంది. ఇక్కడ 'నార్మల్' అంటే ఎవరూ నొక్కని స్థితి. యంత్రాన్ని ఆపే బటన్ ఈ రకానిదే కావాలి, అప్పుడు తీగ తెగినా యంత్రం ఆగుతుంది. అయితే ప్రోగ్రాములో ఆ బటన్‌కు సాధారణంగా వేసేది 'నార్మల్లీ ఓపెన్' గుర్తు. ఆ గుర్తు అడిగేది బటన్ రకాన్ని కాదు, 'సంకేతం వస్తున్నదా?' అని మాత్రమే. నొక్కనంతసేపూ సంకేతం వస్తూనే ఉంటుంది.

కనుక తెలుగు పాఠాలలో 'నొక్కనప్పుడు మూసి ఉండేది' అని రాయడం ఉచితం. ఈ మాటలో పొరపాటు పడితే ఆగవలసిన యంత్రం ఆగకపోవచ్చు.