సంతకం వార్డెనుది, సూది పాపకి

'ఐ అగ్రీ' నొక్కే ముందు పైనున్నదంతా చదివేవాళ్ళు మనలో ఎంతమంది? నేనైతే చదవను. కానీ ఆ క్లిక్కు కనీసం మన చేత్తో మనమే కొడతాం. ఖమ్మం జిల్లాలో కొందరు ఆడపిల్లల ఇళ్ళవాళ్ళకి ఆ మాత్రం కూడా దక్కలేదు.

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వెయ్యడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాగే చేశారు. ఖమ్మంలో సూది వేయించుకున్నవాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు.

రెండు రాష్ట్రాల్లో కలిపి 7గురు పిల్లలు చనిపోయారని గొడవ అయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, చాలా దేశాల్లో వేస్తున్నారు కూడా. నా పేచీ టీకాతో కాదండీ, కాగితంతో.

2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాలు. వాటిలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! అంటే వందకి 29. అమ్మానాన్నలు ఊళ్ళో ఉండగానే.

మరి ఇంతమంది పెద్దలు ఉండి ఎలా జరిగింది? నాకు అర్థమైనంతలో కీలకం పేరులో ఉంది. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అన్నారు. ట్రయల్ కాకపోతే ట్రయల్ రూల్సు ఎందుకు? స్థాయీ సంఘం ఈ వాదన ఒప్పుకోలేదు. కానీ అప్పటికి సూదులు వేసెయ్యడం అయిపోయింది.

ఇదంతా డాక్టర్ల గోల, మనకెందుకు అనుకోకండి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ వాళ్ళు 6,89,003 మంది ఫీడ్‌లో సంతోషం పోస్టులో, బాధ పోస్టులో తగ్గించి, వాళ్ళ రాతలు ఎలా మారతాయో చూశారు. ఆ సంగతి 2014లో పేపరు అచ్చయ్యాకే లోకానికి తెలిసింది. అనుమతి ఏదీ అంటే, సైన్ అప్ చేసినప్పుడు ఒప్పుకున్న పాలసీని చూపించారు.

అక్కడ 'ప్రాజెక్టు', ఇక్కడ 'పాలసీ'. మనం 'ఏబీ టెస్ట్' అంటాం. పేరు ఏదైనా, అవతల ఉన్నది మనిషే కదా? మీ టీములో ఇలాంటి టెస్టుకి ముందు ఆ మనిషి తరఫున అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?